మోచేతి కింద చెయ్యి

పోయిన వారం మన కోడలిని మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. రెండో అంతస్తు గుమ్మం ముందు, ఓరగా తెరిచిన తలుపు దగ్గర, చేతిలో మందుల సంచీతో, ఊపిరి బిగబట్టి లోపలికి చూస్తోంది. పుట్టిన దగ్గర్నుంచి తన చెయ్యి తాను ఎత్తని కూతురు, లోపల చెంచా పట్టుకుని నోటి దాకా తీసుకువెళ్ళింది. అక్కడే ఆపాం.

ఈ వారమే కథలో కాలు పెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. పిల్లను అందరూ పిట్ట అంటారు. పదకొండేళ్ళది. మాట రాదు. ఆకలేసినా, ఒళ్ళు నొప్పి పుట్టినా, కిటికీలోంచి ఎండ మీద పడినా గొంతులోంచి ఒక కూత వస్తుంది, దాన్నిబట్టి వచ్చిన పేరు. మెడ నిలవదు, నడుము నిలవదు, అన్నిటికంటే ముఖ్యంగా మింగడం సరిగ్గా రాదు. గడ్డం కింద పట్టుకుని, తల కాస్త ముందుకు వంచి, ఒక చెంచా జావ గొంతు దిగాకే రెండోది పెట్టాలి. తొందరపడితే జావ పొట్టలోకి పోవాల్సింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలా పోయి ఆసుపత్రిలో పడుకున్న పిల్ల అది.

తండ్రి సరుకుల లారీ తోలుతాడు, ఇంటికి చుట్టంలా వచ్చి చుట్టంలా పోతాడు. తల్లి, అంటే మన కోడలు, బట్టలు సరిచేసే దుకాణంలో పాడైన జిప్పులు మారుస్తుంది. ఇంట్లో ఉండేది అత్తగారు. ఆవిడ చేతులు వణుకుతాయి. అందుకని పేటలోని సంరక్షణ కేంద్రం నుంచి ఒక ఆయా వచ్చి పిల్లకు స్నానం చేయించి, పూట పూటా జావ పట్టి వెళ్ళేది. ఆ ఆయా ఉన్నన్నాళ్ళూ ఈ ఇల్లు గుంజ మీద పందిరిలా నిలబడింది. గుంజ పీకేశారు. పీకింది మార్కుల మేడమ్.

ఏ ఇంటి పిల్లకు ఎంత సాయం కావాలో చూసి తేల్చడానికి కేంద్రం తరపున తిరిగే ఆవిడను పేటలో అలాగే పిలుస్తారు. లోకంలో మార్కులు ఎక్కువొస్తే సంబరం. ఈవిడ దగ్గర తప్పినవాళ్ళకే ఆయా. కోడలు దుకాణంలో ఉన్న ఒక రోజున ఆవిడ వచ్చి చూసి వెళ్ళింది, పిట్ట పాసైపోయింది. పిల్ల తన చేత్తో తాను తింటోంది, ఆయా అక్కర్లేదు, అని తేల్చేసింది. కోడలు కేంద్రం గుమ్మంలో నిలబడి ఆ మేడమ్‌ని కళ్ళులేని మనిషని తిట్టింది, తర్వాత కాళ్ళావేళ్ళా పడింది, ఇంకొక్కసారి వచ్చి చూడమని ఒప్పించింది. ఆ ఇంకొక్కసారి ఈ మధ్యాహ్నమే. అందుకే పూట సెలవడిగి, దుకాణం యజమాని గొణుగుడు వెనకే వినబడుతుంటే, పరుగున వచ్చింది.

వచ్చి చూస్తే ఇదీ సంగతి.

తలుపు సందులోంచి ఆమెకు కనిపించేది గది కాదు, బీరువా అద్దం. అద్దంలో పిట్ట. చెంచా మళ్ళీ లేచింది. నెమ్మదిగా, వంకర టింకరగా, కానీ లేచింది. కోడలికి ముందు వచ్చింది సంతోషం కాదు, సిగ్గు. నా కూతురికి ఇది చేతనవుతుందని నేనెందుకు నమ్మలేదు, ఎవరో వచ్చి చెబితే వాళ్ళ మీద విరుచుకుపడ్డానే, నేనేం తల్లిని అనుకుంది. సిగ్గు వెనకే సంతోషం వచ్చింది. అది వచ్చాక మనిషి మనిషిగా లేదు. చెయ్యి ఎత్తిన పిల్ల రేపు మెడ ఎత్తదా, మెడ ఎత్తిన పిల్ల ఎప్పటికైనా అమ్మా అనదా, అని ఒక్క ఊపిరిలో ఎక్కడెక్కడికో పోయింది.

మూడోసారి చెంచా లేచినప్పుడు ఆమె కళ్ళు వేళ్ళ మీద నుంచి చొక్కా చేతి మీదకు జారాయి. కుట్టుపనివాళ్ళ కళ్ళు ఎక్కడ తిప్పినా బట్ట మీదే ఆగుతాయి. చెయ్యి దానంతట అది లేస్తే ముడత భుజం దగ్గర పడాలి. ఇక్కడ భుజం చదునుగా ఉంది, మోచెయ్యి కింద బట్ట ఉబ్బుతోంది. పిట్ట వెనక అత్తగారు కూర్చుని ఉంది. ఇద్దరినీ చుట్టి ఒకే శాలువా. అత్తగారి ఒక చెయ్యి పిల్ల గడ్డం కింద ఉంది. రెండో చెయ్యి ఎక్కడా కనిపించలేదు.

కోడలు తలుపు తోసింది.

"అత్తయ్యా, ఆ చెయ్యి తియ్యండి."

అత్తగారు తుళ్ళిపడింది గానీ చెయ్యి తియ్యలేదు. "వచ్చావా. తలుపు వెయ్యి, చలిగాలికి దగ్గు పట్టుకుంటుంది దానికి" అంది.

"చెయ్యి తియ్యండి."

శాలువా కదిలింది. పిట్ట చెయ్యి చెంచాతో సహా ఒళ్ళో పడింది. ఆ పిడికిలి ఎప్పుడూ బిగిసే ఉంటుంది, అందులో ఏది దూర్చినా జారదు. చెంచాలో జావ కూడా లేదు. ఖాళీ చెంచా. పిట్టకు అదంతా ఆటగా ఉందేమో, అమ్మను చూసి కూత పెట్టింది.

ఆ విద్య ఎక్కడిదో కోడలికి తెలుసు. కేంద్రంలో కసరత్తులు నేర్పే అమ్మాయి చెప్పిందే. మోచెయ్యి కింద చెయ్యి వేసి, పిల్ల చేత్తోనే చెంచా ఎత్తించండి, రోజూ చేస్తుంటే ఎప్పటికైనా కాస్త పట్టు వస్తుంది అని. పిట్టకు పట్టు రాలేదు. నేర్చుకోవడానికి కేంద్రంలో బెంచీ మీద వారం వారం కూర్చున్న నాయనమ్మకు మాత్రం బాగా వచ్చింది.

"పోయినసారి మేడమ్ వచ్చినప్పుడు కూడా ఇదేనా?"

అత్తగారు పిట్ట పిడికిలిలోని ఖాళీ చెంచాను సర్దింది.

"ఇప్పుడు మళ్ళీ ఆవిడ వస్తుందని, అద్దం ముందు కూచోబెట్టి అలవాటు చేస్తున్నారా?"

"పోయినసారి శాలువా కొంచెం జారింది" అంది అత్తగారు. "ఆవిడ చూళ్ళేదు. అన్నిసార్లూ అదృష్టం ఉండదు కదా."

ఇంత నిజాయితీగా ఒప్పుకునే దొంగను కోడలు జన్మలో చూడలేదు. నవ్వొచ్చేదే, ఇంకో ఇంట్లో ఇంకొకరికి జరిగి ఉంటే. మందుల సంచీ బల్ల మీద పెట్టింది. ఆమె కోపం వచ్చినప్పుడు అరిచే మనిషి కాదు, గొంతు ఇంకా తగ్గిపోతుంది. ఎదుటివాళ్ళు చెవి ఒగ్గి వినాల్సి వస్తుంది.

"ఆయా రావడం మానేసిన దగ్గర్నుంచి దీనికి దగ్గు తగ్గిందా, చెప్పండి. నేను దుకాణం నుంచి మధ్యలో పరిగెత్తుకుని రావడం, పట్టిందీ పట్టనిదీ చూసుకోకుండా మళ్ళీ పరిగెత్తడం. నా మిషన్ మీద ఇంకో అమ్మాయిని కూచోబెట్టారు తెలుసా? నేను వెళ్తే ఆ పిల్ల లేస్తుంది, నేను రాగానే మళ్ళీ కూచుంటుంది. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే ఆ పిల్ల ఇక లేవదు. నా పొట్ట కొట్టారు అత్తయ్యా. నా పొట్ట సంగతి వదిలెయ్యండి, దాని ఊపిరి మీదకు తెచ్చారు."

"నేనున్నాను కదా దానికి."

"మీ చేతులు చూసుకోండి ఒకసారి."

అత్తగారు చూసుకోలేదు. శాలువా కిందకు లాక్కుంది.

కోడలి నోరు ఇంక ఆగలేదు. ఆగాల్సిన అవసరం కూడా కనిపించలేదు. "ఎందుకు చేశారో నాకు తెలుసులెండి. పరువు. దీన్ని బాగాలేని పిల్ల అని ఒక ఆఫీసు మనిషి రాసుకుంటే మీకు నామోషీ. మీ వంశంలో ఇలాంటివాళ్ళు లేరు కదా. ఎన్నేళ్ళు విన్నాను ఆ మాట. ఇది పుట్టిన నెలలోనే అన్నారు, మా ఇంటా వంటా లేదమ్మా, మీ వైపు నుంచే వచ్చి ఉంటుంది అని. మా అమ్మ ముఖం మీదే అన్నారు. ఆవిడ పోయేదాకా ఆ మాట మోసింది. మీ వంశానికి మచ్చ రాకుండా ఉండటానికి నా పిల్ల..."

"ఉన్నాడు" అంది అత్తగారు.

"ఏంటి?"

"మా వంశంలో ఉన్నాడు. నా పెద్దాడు."

కోడలికి అర్థం కాలేదు. తన భర్త ఒక్కగానొక్క కొడుకు. పెళ్ళి మాటల్లో పదిసార్లు చెప్పిన గొప్ప అది. ఆడపడుచులు లేరు, మరుదులు లేరు, సుఖపడతావు పో అని అందరూ దీవించారు.

అత్తగారు పిట్ట పెదవుల మీద చొంగ శాలువా చెంగుతో తుడిచింది. తుడుస్తూనే మాట్లాడింది, కోడలి వైపు చూడకుండా.

"మీ ఆయన కంటే ముందు పుట్టాడు. ఇదిగో, ఇలాగే ఉండేవాడు. వాడికీ మెడ నిలిచేది కాదు. వేలు ఇస్తే పట్టుకునేవాడు, వదిలేవాడు కాదు. ఆ రోజుల్లో కూడా ఒకావిడ వచ్చింది ఇంటికి. చెడ్డదేం కాదు, మంచిది. నా భుజం మీద చెయ్యి వేసి, అమ్మా, చూసుకోగలుగుతున్నావా అని అడిగింది. అప్పటిదాకా నన్ను ఆ మాట అడిగిన పుణ్యాత్ములు లేరు. మీ మామయ్య అడగలేదు, మా అమ్మ అడగలేదు. ఆవిడ అడిగేసరికి దుఃఖం ఆగలేదు నాకు. నా వల్ల కావడం లేదమ్మా అన్నాను. నిజమే చెప్పాను. అంతకంటే ఏం అనలేదు."

"తర్వాత?"

"బండి వచ్చింది. వాడికి తల దువ్వి, ఉతికిన చొక్కా వేసి నేనే ఎక్కించాను. పెద్ద ఇల్లు, మంచాలు, డాక్టరు, అన్నీ ఉంటాయన్నారు. ఉన్నాయి కూడా. అబద్ధం చెప్పలేదు వాళ్ళు. నేను వెళ్ళి చూసొచ్చేదాన్ని. మొదట్లో నన్ను చూసి నవ్వేవాడు. తర్వాత్తర్వాత చూసేవాడు కాదు. మనిషి ఇంతయిపోయాడు. తినడం లేదా అని అడిగితే, పెడుతున్నాం, తినడం లేదు అనేవారు. ఎంతమంది పిల్లలు, ఎన్ని నోళ్ళు, ఒక్కోడి గడ్డం పట్టుకుని ఎవరు కూచుంటారు చెప్పు. ఒకసారి వెళ్ళేసరికి వాడి మంచం మీద వేరే పిల్లాడున్నాడు."

పిట్ట కూత పెట్టింది. ఎవరూ దానివైపు చూడలేదు.

"కబురు పంపామన్నారు. మాకు అందలేదు. ఎక్కడ పెట్టారో చూపించారు. మట్టి ఆరిపోయి ఉంది."

కోడలు బల్ల పట్టుకుని నిలబడింది. జాలి వచ్చింది. కోపం తగ్గనూ లేదు. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చెయ్యాలో ఎవరూ నేర్పరు.

"మీ అబ్బాయికి తెలుసా?"

"తెలీదు. అప్పటికి నా కడుపులో ఉన్నాడు. పుట్టాక మీ మామయ్య ఒట్టు వేయించుకున్నారు, ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదని. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది, ఎవరికి చెప్పుకోను."

"ఇది పుట్టినప్పుడు మీకు తెలుసు. ఎక్కణ్ణుంచి వచ్చిందో మీకు తెలుసు. తెలిసే నన్ను అన్నారు."

"తెలిసే అన్నాను."

"మా అమ్మని కూడా."

"ఆవిణ్ణి కూడా." అత్తగారు అప్పుడు తలెత్తింది. ఆ కళ్ళలో తడి లేదు, ఎప్పుడో ఇంకిపోయినట్టుంది. "ఒకణ్ణి బండెక్కించిన దాన్నని తెలిస్తే, నువ్వు దీన్ని నా ఒళ్ళో పెట్టేదానివా? చెప్పు. పెట్టేదానివా?"

పెట్టేది కాదు. కోడలికి తెలుసు. ముసలిదాని చేతిలోంచి పిట్టను తీసుకుని మంచం మీద పక్కకు తిప్పి పడుకోబెట్టింది, వీపు వెనక దిండు సర్దింది. చేతులకు పని దొరికితే నోరు కాస్త సర్దుకుంటుంది. కేంద్రం మనిషి వచ్చే వేళవుతోంది. క్షమించడాలు, క్షమించకపోవడాలు తర్వాత. ముందు ఈ పూట గడవాలి.

మంచం అంచున అత్తగారి పక్కనే కూర్చుంది. అలా పక్కపక్కన కూర్చుని వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది చాలా తక్కువ.

"అత్తయ్యా, ఆ రోజులు వేరు. ఇప్పుడు ఎవరూ ఎవరి పిల్లల్ని ఎత్తుకుపోరు. మనం ఉన్నది ఉన్నట్టు చెబితే ఆయాని పంపిస్తారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మనం ఏమో ఆకలే లేదని చెప్పి కూచున్నాం. ఈసారి చెయ్యి పెట్టకండి. దానికి రానిది రాదని చూపించండి."

"తీసుకుపోతామంటే?"

"ఎలా తీసుకుపోతారు? నేను ఒప్పుకుంటే కదా."

అత్తగారు కోడలి ముఖం చాలాసేపు చూసింది. బేరం ఆడేటప్పుడు కూరగాయల బుట్టలో పుచ్చు వెతికే చూపు అది. చివరకు "సరే" అంది. నమ్మిందని కాదు. ఆవిడ దగ్గర వేరే దారి లేదు.

మార్కుల మేడమ్ వచ్చేసరికి మెట్లెక్కిన ఆయాసంతో రొప్పుతోంది. కేంద్రం గుమ్మంలో నుంచి చూస్తే రాక్షసిలా కనిపించిన మనిషి, ఇంట్లోకి వచ్చి చెప్పులు విడిస్తే మామూలు ఆడమనిషే. మడమలు పగిలి ఉన్నాయి. గొడుగు తలుపు పక్కన ఆనించి, మంచినీళ్ళు అడిగి, గ్లాసు ఖాళీ చేసి, "పొద్దున్నుంచి ఇది ఆరో ఇల్లమ్మా" అంది, ఎవరిమీదా కోపం లేకుండా. కోడలు తిట్టిన తిట్లు గుర్తున్నాయో లేదో, పైకి మాత్రం తేలనివ్వలేదు.

"సరే, పోయినసారి చూపించినట్టే ఇంకోసారి చూపించండి పెద్దమ్మగారూ."

అత్తగారు పిట్టను ఒళ్ళోకి తీసుకుంది. వీపు తన గుండెకు ఆనించుకుంది. అలవాటుగా శాలువా అందుకుని ఇద్దరి చుట్టూ కప్పింది. కోడలు అది చూసింది. ఇచ్చిన మాట ఇచ్చినంత సేపు నిలవలేదే అనుకుంది. పిట్ట పిడికిలిలో చెంచా, చెంచాలో ఈసారి జావ. శాలువా కింద ఏదో కదిలింది.

కదిలి, బయటికి వచ్చింది. అత్తగారు రెండు చేతులూ బయటికి తీసి, అరచేతులు బోర్లించి మోకాళ్ళ మీద పెట్టుకుంది. పట్టు తప్పిన పిట్ట మెడ పక్కకు వాలింది. చెంచాలో జావ శాలువా మీద ఒలికింది. చెయ్యి లేవలేదు. గోడ అవతల పక్కింటివాళ్ళ కుళాయి చప్పుడు వినబడుతూనే ఉంది.

"అదీ సంగతి" అంది అత్తగారు. "పోయినసారి ఎత్తింది నేను. దానికి రాదు."

మేడమ్ ముఖంలో కోపం వస్తుందేమోనని కోడలు చూసింది. రాలేదు. వచ్చింది అలసట. అద్దాలు తీసి ముక్కు మీద గుర్తుపడ్డ చోట రుద్దుకుంది. "మీరు మొదటివారేం కాదులెండి. ఎందుకో గానీ, మేం వస్తున్నామంటే పిల్లలకి కొత్త బట్టలు వేస్తారు" అంది. తర్వాత, "ఇంట్లో మీరొక్కరే ఉన్నప్పుడు ఎలా పడతారో అలా పట్టండి, చూస్తాను" అంది.

అత్తగారు పట్టింది. ఉన్నది ఉన్నట్టు చూపించమన్నారు గనక ఉన్నది ఉన్నట్టే పట్టింది. ఒక చెంచా దిగింది. రెండోది సగం దిగింది. మూడోది పెట్టేటప్పుడు చెయ్యి అదిరి చెంచా పళ్ళకు తగిలింది, పిట్ట ఉలిక్కిపడి తల వెనక్కి విరిచింది. జావ ఎటు పోకూడదో అటు పోయింది.

దగ్గు రాలేదు. అదే భయం. దగ్గు వస్తే మంచిది. పిట్ట నోరు తెరిచి ఉంది, కళ్ళు పెద్దవయ్యాయి, గొంతులో చప్పుడు లేదు. కోడలు ఒక్క అంగలో మంచం చేరి పిల్లను లాక్కుని, మోకాలి మీద బోర్లా వంచి, భుజాల మధ్య అరచేత్తో కొట్టింది. మళ్ళీ కొట్టింది. పెదాలు నల్లబడుతున్నాయి. మేడమ్ లేచి నిలబడి "అయ్యో, అయ్యో" అంటోంది, చేతులు గాలిలో ఆడుతున్నాయి గానీ ఏం చెయ్యాలో వాటికి తెలియదు. ఇంకో దెబ్బకు జావ ముద్దలా బయటపడింది. పిట్ట పెద్దగా ఊపిరి లాక్కుంది, ఆ వెనకే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కోడలు నేల మీద కూలబడి కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని వీపు నిమిరింది. ఆమెకు ఇది కొత్త కాదు. కానీ ఒకరు చూస్తుండగా జరగడం కొత్త.

మేడమ్ కుర్చీలో మెల్లగా కూర్చుంది. కాసేపటికి అత్తగారి వైపు తిరిగి, నిజంగా మెత్తగానే అడిగింది.

"పెద్దమ్మగారూ, మీరు చూసుకోగలుగుతున్నారా?"

అత్తగారు మేడమ్ వైపు చూడలేదు. కోడలి వైపు చూసింది. నువ్వు చెప్పమంటేనే చెబుతున్నాను, గుర్తుపెట్టుకో అన్నట్టుంది ఆ చూపు.

"నా వల్ల కాదు" అంది.

"చెప్పారు, మంచిపని చేశారు" అంది మేడమ్. అని, గొంతు సవరించుకుంది. చెడ్డ కబురు చెప్పేవాళ్ళ గొంతులన్నీ ఒకేలా సవరించుకుంటాయి. "చూడండమ్మా, నేను దాచను. ఇప్పుడు నేను చూసింది చూశాక ఆయాని పంపలేను."

కోడలికి వినబడింది గానీ బుర్రకెక్కలేదు. "అదేంటండీ. తినగలదని ఆపేశారు. తినలేదని మీ కళ్ళతోనే చూశారు కదా."

"తినలేకపోవడం వేరు. మింగలేకపోవడం వేరు. ఈ మధ్య పక్క పేటలో ఒక ఆయా చేతుల్లోనే పిల్లాడు పోయాడు, ఇలాగే, జావ పడుతుంటే. అప్పట్నుంచి మింగలేని పిల్లల ఇళ్ళకు ఆయాల్ని పంపొద్దని పైనుంచి గట్టిగా చెప్పారు. వాళ్ళు నర్సులు కాదు కదమ్మా. ఇళ్ళకు పంపడానికి మా దగ్గర నర్సులు లేరు. ఉన్న నర్సులంతా వసతి గృహంలోనే ఉంటారు."

ఇదీ వాళ్ళ లెక్క. కాస్త బాగుంటే సాయం అక్కర్లేదు, బొత్తిగా బాగాలేకపోతే సాయం కుదరదు. వాళ్ళ కొలతకు సరిపోయేంత జబ్బు, ఒక పిసరు అటూ ఇటూ కాకుండా, ఉంటేనే గుమ్మంలోకి మనిషి వస్తుంది. పిట్టకు కొలత చూసుకుని జబ్బు తెచ్చుకునే తెలివి లేకపోయింది.

"వసతి గృహం అంటే..." అంది కోడలు.

"అక్కడే ఉంచడం. రాత్రీ పగలూ నర్సు ఉంటుంది. ఒక పడక ఖాళీ అయింది. ఎప్పుడో గానీ అవదు. ఈ వారంలోగా మీరు సరేనంటే నేను మాట్లాడతాను. వద్దంటే బలవంతం ఏమీ లేదు. కానీ ఆయా మాత్రం రాదు. మీరు పని మానుకుని ఇంట్లో ఉంటారో, ఇంకెవర్నైనా పెట్టుకుంటారో మీ ఇష్టం."

ఆ పడక ఎలా ఖాళీ అయిందో ఆవిడ చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. అత్తగారు వంగి, కోడలి ఒళ్ళో ఉన్న పిట్ట కాళ్ళ మీద శాలువా కప్పింది. కప్పిన చెయ్యి అక్కడే ఉంచింది.

వద్దు అనాలి కోడలు. నోటి చివర ఉన్న మాట అది. ఇందాక మాట ఇచ్చిన నోరే. నేను ఒప్పుకుంటే కదా అన్న నోరే. తెరిచింది కూడా. తెరిచిన నోట్లోంచి మాట రాలేదు. రాత్రీ పగలూ నర్సు అన్న ముక్క ఆమె లోపల ఎక్కడో కూర్చుండిపోయింది. పిల్ల దగ్గిందేమోనని ప్రతి రాత్రీ ఉలిక్కిపడి లేచే ఒళ్ళు, ఆ మాట వినగానే పడుకోవాలనుకుంది. దుకాణంలో తన మిషన్ ముందు కూర్చున్న ఆ అమ్మాయి గుర్తొచ్చింది. ఇందాక అరచేతి కింద చప్పుడు లేకుండా అయిపోయిన ఆ చిన్న వీపు గుర్తొచ్చింది. తాను దుకాణంలో ఉన్నప్పుడు అదే జరిగితే, ఈ ముసలి చేతులు ఏం చేస్తాయి. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అడిగింది.

"అక్కడ చూడ్డానికి ఎప్పుడెప్పుడు రానిస్తారండీ?"

అత్తగారి చెయ్యి శాలువా మీద నుంచి లేచింది. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని నిలబడింది, గోడ పట్టుకుని తలుపు దాకా నడిచింది. మేడమ్ వెళ్ళడానికే తలుపు తీస్తోందేమో అనుకుని గొడుగు కోసం చెయ్యి చాపింది. అత్తగారు తలుపు తియ్యలేదు. లోపలి గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"వాడికి ఫోను చెయ్యి" అంది కోడలితో. "లారీ ఎక్కడుంటే అక్కడ ఆపమను. వాడికి ఒక అన్న ఉండేవాడని నేనే చెబుతాను, ఈవిడ ముందే చెబుతాను. ఎలా పోయాడో కూడా చెబుతాను. వాడు విన్నాక, నువ్వు ఇంకోసారి విన్నాక, అప్పుడు కూడా నీకు ఆ మాట అడగాలనిపిస్తే అడుగు. గడియ నేనే తీస్తాను."